ఉపకారియను బిరుదు

చదువవలసిన భాగము: లూకా 22:24-27

ఈ నెల మన పాఠము ఒక తగవుతో మొదలగుచున్నది. పస్కా భోజనపు బల్ల యొద్ద, రొట్టె విరిచి ఇచ్చిన కొద్దిసేపటికే, తమలో ఎవడు గొప్పవాడని శిష్యులు వాదులాడుకొనిరి. ప్రభువు వారిని గద్దింపలేదు. లోకపు రాజుల సంగతి ఎత్తి, వారు జనులమీద పెత్తనము చేయుచునే ఉపకారులని పేరు పెట్టించుకొందురని చెప్పెను. తాను మాత్రము వారి మధ్య వడ్డన చేయువానివలె ఉన్నాననెను.

ఉపకారియను మాటను మనము మామూలు మంచిమాటగా చదివి దాటిపోదుము. ఆ దినములలో అది నిజమైన రాజబిరుదు. గ్రీకు భాషలో దానిని యూఎర్గెటీస్ అందురు. ఐగుప్తును ఏలిన టాలమీ వంశములో మూడవ టాలమీకి ఈ బిరుదు ఉండెను. నూరేండ్ల తరువాత ఎనిమిదవ టాలమీ కూడ అదే బిరుదు ధరించెను. ఈ రెండవవాడు క్రూరుడు. అలెక్సంద్రియ పట్టణస్థులు ఆ బిరుదులో ముందరి ముక్క మార్చి, ఉపకారిని అపకారి చేసి పిలిచిరి. ఆయన లావు చూచి బొజ్జవాడనియు పేరు పెట్టిరి. చరిత్ర పుస్తకములలో నేటికిని ఆ బొజ్జ పేరే ఎక్కువగా కనబడుచున్నది. కాబట్టి ప్రభువు ఆ మాట పలికినప్పుడు వినుచున్నవారికి అది వింత మాట కాదు.

బిరుదుల సంగతి రాజులకు గదా, పొలము పనిచేసుకొను మనకేల అని మీరు అడుగవచ్చును. మేమెరిగిన ఒక పల్లె సంఘములో గుడి కట్టుట ముగిసి, పైకప్పు పడి, సున్నము కూడ వేసిన తరువాత, ప్రతిష్ఠ ఆగిపోయెను. కారణము శిలాఫలకము. ఎవరి పేరు ముందుండవలెను, ఎవరి పేరుకు ముందు శ్రీ ఉండవలెను, ఎవరికి గౌరవనీయులని వ్రాయవలెను అను దానిమీద పెద్దలు రెండు జట్లయిరి. ఆ గుడికి మట్టి మోసిన స్త్రీల పేర్లు ఏ జట్టువారి కాగితములోను లేవు. అందుచేత ఈ పాఠము మనకును వర్తించునని తలంచి వ్రాయుచున్నాము.

బిరుదు అనునది ఒక దేశములో ఒక రీతిగా, మరియొక దేశములో మరియొక రీతిగా నడచును. స్కాట్లాండు దేశములో గొప్ప వంశములవారి బిరుదు చాలమట్టుకు ఒక సీమ పేరుతో ఉండును. ట్వీడు అను నది పారు లోయకు ట్వీడేల్ అని పేరు. మనము కోనసీమ అన్నట్టు. ఆ సీమ పేరుతో 1694లో ట్వీడేల్ మార్క్విస్ అను బిరుదు ఏర్పడెను. తండ్రి చనిపోగానే అది కుమారునికి వచ్చును. ఆ కుమారుడు మంచివాడా, చెడ్డవాడా, పెద్దవాడా, పిల్లవాడా అని ఎవరును అడుగరు. ఎనిమిదవ మార్క్విస్ అయిన జార్జి హే అను నతడు 1787లో పుట్టెను. తల్లిదండ్రులు ఫ్రాన్సు దేశములో నెపోలియను చేత నిర్బంధింపబడి, 1804లో అక్కడనే చనిపోయిరి. పదునేడేండ్ల బాలుని మీద ఆ బిరుదు వచ్చి పడెను.

ఈ మనుష్యుని పేరు మన తెలుగు జిల్లాల చరిత్రలోనికి వచ్చినది. 1842 మొదలుకొని 1848 వరకు ఆయన మద్రాసు గవర్నరు. అప్పుడు గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు సీమలును, కడప, బళ్లారి సీమలును ఆ గవర్నరు చేతిక్రిందివే. ఆయన యుద్ధములలో గాయపడిన సిపాయి. ఇంటి యొద్ద మంచి వ్యవసాయదారుడు కూడ. నీరు నిలిచిన పొలములో నేలక్రింద పెంకు గొట్టములు పరచి ఆ నీటిని బయటికి తీయు పద్ధతి స్కాట్లాండులో వ్యాపించుచున్న కాలమది. ఆ గొట్టములు చేయుటకు ఆయన ఒక యంత్రము కనిపెట్టెను. ఊటచేను ఉన్న రైతుకు ఈ పని విలువ చెప్పనక్కరలేదు. మాకైతే ఆయన బిరుదుకంటె ఆ గొట్టముల యంత్రమే గొప్పగా తోచుచున్నది.

1846లో ఆయన ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యపుస్తకముగా పెట్టవలెనని ప్రతిపాదించెను. ఇంగ్లాండులోని కంపెనీ డైరెక్టర్లు ఒప్పుకొనలేదు. మన పెద్దలలో కొందరు దీనికి విచారపడుదురేమో. మాకు విచారము లేదు. గవర్నరు బల్లమీదనుండి హుకుముగా దిగివచ్చిన బైబిలు మన పల్లెలలో ఏ పేరు తెచ్చుకొనెడిదో ఆలోచించుడి.

గోదావరిమీద ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలైనప్పుడు మద్రాసు గవర్నరు ఈ ట్వీడేల్ మార్క్విసే. పని 1852లో ముగిసెను. ఇప్పుడు ఆ డెల్టాలో ఏ రైతునైనను అడుగుడి, కాటన్ దొర అని చెప్పును. ఆర్థరు కాటన్ అప్పటికి ఇంజనీరు ఉద్యోగి. సర్ అను బిరుదు ఆయనకు 1861లో గాని రాలేదు. రైతులు సర్ అనియు అనరు. దొర అందురు, విగ్రహము పెట్టుకొందురు, దండ వేయుదురు. మార్క్విస్ పేరు తెలిసినవాడు ఆ కాలువ గట్ల మీద ఒక్కడైన ఉండునో లేదో.

మార్క్విస్ కుమార్తె సూసనును పెండ్లాడినవాడే మరియొక స్కాట్లాండు బిరుదు గల డల్హౌసీ ప్రభువు. ఆయన గవర్నరు జనరలుగా ఉండగా, 1853 మే నెలలో, హైదరాబాదు కంటింజెంటు అను సైన్యపు ఖర్చుల బాకీ క్రింద నైజాము యొద్దనుండి బేరారు పత్తి భూములను కంపెనీ స్వాధీనములోనికి తీసికొనెను. ఆ ఒడంబడిక జరిగిన కొన్ని దినములకే నైజాము దివాను సిరాజుల్ ముల్క్ చనిపోయెను. ఆయన స్థానములో వచ్చిన ఇరువది నాలుగేండ్ల యువకుడే మొదటి సాలార్ జంగ్. ఇట్లు మామ పేరు గోదావరి యొద్దను, అల్లుని పేరు హైదరాబాదు యొద్దను మన చరిత్రలో నిలిచెను.

ఇక హైదరాబాదు బిరుదుల సంగతి. సాలార్ జంగ్ అని మనమందరము పిలుచునది పేరు కాదు, బిరుదు. ఆయన పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. నైజాము దర్బారులో బిరుదులకు మెట్లుండెడివి. జంగ్ మీద దౌలా, దౌలా మీద ముల్క్, దానిమీద ఉమరా, అన్నిటికంటె పైన జాహ్. హిందువులకు రాయి, రాజా, రాజా బహదూర్, మహారాజా అని వేరు మెట్లు. ఇది స్కాట్లాండు రీతి కాదు. ఇచ్చువాడు నైజాము, పుచ్చుకొనువాడు దర్బారులో వంగి నజరానా సమర్పించువాడు. ఇట్టి బిరుదులలో ఒకటి నగరములో నారాయణగూడ అను పేట యొద్ద ఇప్పటికిని గేటు మీద నిలిచియున్నది గనుక, ఆ మనుష్యుని గూర్చి కొంచెము నిదానముగా చెప్పుకొందము.

వెంకటరామారెడ్డి 1869 ఆగస్టు 22న వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో పుట్టెను. పల్లెటూరి పిల్లవాడు. పోలీసు శాఖలో అమీనుగా చేరి, జిల్లాలు తిరిగి, మెట్టు మెట్టుగా పైకి వచ్చి, 1920లో హైదరాబాదు నగర కొత్వాలయ్యెను. కొత్వాలనగా నేటి పోలీసు కమిషనరు వంటివాడు. కాని నేటి కమిషనరుకు లేని అధికారము ఆయనకు ఉండెడిది, ఏలయనగా ఆయన నేరుగా నైజాముతో మాటలాడువాడు. ఆసఫ్‌జాహీల కాలములో ఒక హిందువు ఆ కుర్చీలో కూర్చుండుట అదే మొదలని చెప్పుదురు. 1921లో ఏడవ నైజాము ఆయనకు రాజా బహదూర్ బిరుదు ఇచ్చెను. పదునాలుగేండ్లు కొత్వాలుగా ఉండి 1934లో ఆ పని విడిచెను. మధ్యలో 1931లో ఇంగ్లీషు ప్రభుత్వమువారు కూడ ఓ.బి.ఇ. అను బిరుదు ఇచ్చిరి.

ఇక్కడ తేదీలను జాగ్రత్తగా చూడవలెను. ఆయన పేరును నేటి వరకు నిలిపిన పనులలో మొదటిది రెడ్డి హాస్టలు. అది 1918లో మొదలయ్యెను. అనగా బిరుదుకు మూడేండ్ల ముందు. నగరములో చదువుకొనవలెనని పల్లెలనుండి వచ్చు పిల్లలకు తిండికి, పండుకొనుటకు తావు లేని కాలమది. చదువు ఉర్దూలో, ఊరు క్రొత్త, చేతిలో పైకము లేదు. ఆయన సంస్థానాధీశుల యొద్దకును భూస్వాముల యొద్దకును పోయి చందాలు పోగుచేసెను. కొత్వాలు వచ్చి అడుగుచుండగా లేదనువాడెవడు అని నవ్వుకొనువారు ఉండవచ్చును. కాని హాస్టలు మొదలైన నాటికి ఆయన ఇంకను కొత్వాలు కాలేదు.

మేము ఈ సంగతిని మెచ్చుకొనుచునే ఒక మాట దాచక చెప్పవలెను. ఆ హాస్టలు ఒక కులము పేరు మీద పుట్టినది. ఆ కాలములో నగరములో వసతి గృహములు కులమునకొకటిగా, మతమునకొకటిగా లేచుచుండెను. కలిగినవారున్న కులమునకు హాస్టలు వచ్చెను. కలిగినవారు లేని కులముల పిల్లలు ఊరిలోనే ఉండిపోయిరి. మన సంఘములలో ముసలివారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. మిషను బోర్డింగు పాఠశాల లేనియెడల తమకు అక్షరము అబ్బెడిది కాదని వారే చెప్పుదురు. ఉపకారమునకు కూడ సరిహద్దు ఉండునని తెలిసికొనుట ఉపకారిని నిందించుట కాదు.

అయినను ఆ హాస్టలులో జరిగినది దాని పేరుకంటె పెద్దది. సురవరము ప్రతాపరెడ్డి అక్కడ పిల్లల బాధ్యత చూచుచు, గ్రంథాలయమును పెంచి, 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టెను. నైజాము రాష్ట్రములో తెలుగు మాటకు చోటు లేని దినములలో ఆ పత్రిక పల్లె పల్లెకు పోయెను. రావి నారాయణరెడ్డి అక్కడ ఉండి చదువుకొనెను. ఆయనే తరువాత నైజాము పాలనకు ఎదురు తిరిగి, 1952 ఎన్నికలలో నల్లగొండనుండి గొప్ప మెజారిటీతో లోకసభకు పోయెను. ఆలోచించుడి: ఒక సభ జరుపుకొనవలెనన్న ముందుగా అనుమతి కావలెనని గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ఉండెను. అట్టి ఉత్తరువులను నగరములో అమలు జరుపవలసిన శాఖకు పెద్ద ఆ కొత్వాలే. ఆయన కట్టిన కప్పు క్రిందనే ఆ ఉత్తరువును తిరస్కరింపబోవు పిల్లలు అన్నము తినిరి. ఆయనకు ఇది తెలియకుండ జరిగెనని మేము అనుకొనము. తెలిసియు ఊరకుండుటలో ఎంత ధైర్యమున్నది, ఎంత జాగ్రత్త ఉన్నది అనునది మనుష్యుని హృదయము నెరిగినవాడు తేల్చవలసినది. యజమానుని ఉప్పు తినుచు జనులకు మేలు చేయుట ఓబద్యాకు కూడ కష్టమే అయ్యెను. ఆయన అహాబు ఇంటి అధికారి. ప్రవక్తలను గుహలలో దాచి అన్నపానములిచ్చి పోషించెను (1 రాజులు 18:3-4).

నారాయణగూడలోనే మరియొక మనుష్యుడు ఉండెను. మాడపాటి హనుమంతరావు కృష్ణా జిల్లాలో 1885లో పుట్టి, ఓరుగల్లు ప్రాంతమున పెరిగి, హైదరాబాదులో వకీలయ్యెను. ఆయన పూనికతో 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల ప్రారంభమయ్యెను. ఇప్పుడు ఇది చిన్న సంగతిగా కనబడును. అప్పుడు రాష్ట్రమంతట పైచదువు ఉర్దూలోనే. తెలుగులో చదివిన ఆడపిల్లను పరీక్షకు కూర్చుండబెట్టు విశ్వవిద్యాలయము నైజాము రాష్ట్రములో లేకపోయెను. కాబట్టి ఆ పిల్లలు పూనాలో కర్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలు వ్రాసిరి. తల్లిభాషలో చదువుటకు అంత దూరపు దారి తొక్కవలసి వచ్చెను.

ఈ హనుమంతరావుకు నైజాము జంగ్ అనలేదు, రాజా అనలేదు. జనులు ఆంధ్ర పితామహుడనిరి. ఆ మాటకు దర్బారు లేదు, నజరానా లేదు, ఫర్మానా లేదు. 1951లో ఆయన హైదరాబాదు నగరమునకు మేయరయ్యెను. 1955లో పద్మభూషణ్ వచ్చెను. 1970లో చనిపోయెను. ఇంగ్లీషువారి బిరుదు ఎట్లు పోయెనో, నైజాము బిరుదు ఎట్లు పోయెనో మనకు తెలుసును. ఎవరును ఇయ్యని ఆ బిరుదును తీసివేయుటకు ఎవరి వల్లను కాలేదు. అయితే పెద్దలకు జనులిచ్చు బిరుదులన్నియు ఇట్టివేనని భ్రమపడకుడి. డప్పు కొట్టి ఇప్పించుకొనునవి కూడ ఉన్నవి, గోడలమీద రంగుల బొమ్మలతో చూచుచునే ఉన్నాము.

1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడు దాని 18వ అధికరణము బిరుదుల తలుపు మూసివేసెను. సైన్యములోను విద్యలోను సంపాదించిన గౌరవములు తప్ప ప్రభుత్వము ఏ బిరుదును ఇయ్యరాదు. పౌరుడు పరదేశపు బిరుదును పుచ్చుకొనరాదు. మరి పద్మభూషణ్ సంగతి ఏమి అని కొందరు న్యాయస్థానమునకు పోయిరి. 1995లో సుప్రీముకోర్టువారు అవి పురస్కారములే గాని బిరుదులు కావనియు, వాటిని పేరుకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదనియు తీర్పు చెప్పిరి. శిలాఫలకములు వ్రాయించు మన పెద్దలు ఈ తీర్పును ఒకసారి చదివిన బాగుండును.

లూకా సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. ఆయన సువార్తను ఒక పెద్దమనిషికి అంకితము చేసెను. అక్కడ థెయొఫిలా పేరుకు ముందు ఘనతవహించిన అను మాట ఉన్నది (లూకా 1:3). అది ఉత్త పొగడ్త కాదు, పెద్ద అధికారులకు వాడు మాట, ఫేలిక్సుకును ఫేస్తుకును అదే మాట వాడబడినది (అపొ. కార్య. 24:3; 26:25). కాని అదే లూకా అదే మనిషికి అపొస్తలుల కార్యములు వ్రాయునప్పుడు ఆ మాట లేదు. ఓ థెయొఫిలా అని మాత్రమే (అపొ. కార్య. 1:1). ఎందుకో లూకా చెప్పలేదు. ఈ నడుమ ఆయన సహోదరుడయ్యెనేమో అని వ్యాఖ్యాతలు ఊహింతురు. ఊహయే గాని మాకు నచ్చిన ఊహ.

రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1953 జనవరి 25న చనిపోయెను. ఆ మరుసటి ఏడు, 1954లో, నారాయణగూడలో ఆయన పేరు మీద మహిళా కళాశాల ఏర్పడెను. చట్టము బిరుదులను తీసివేసిన నాలుగేండ్లకు ఒక బిరుదు గేటు మీదికి ఎక్కెను. అయితే ఈ సారి ఆ బిరుదు ఎవనిని పెద్దవానిని చేయుటకు ఎక్కలేదు. ఆడపిల్లలు దాని క్రిందుగా నడచి లోపలికి పోవుచున్నారు.

అక్కడనుండి చిక్కడపల్లికి పోవు దారి పొడవు కాదు. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయములో ఏ దినము చూచినను పల్లెలనుండి వచ్చిన యువకులు, యువతులు తలవంచుకొని చదువుచుందురు. ప్రక్కనున్న అశోక్‌నగర్ సందులలో పరీక్షలకు శిక్షణ ఇచ్చు స్థలములు, ఇరుకు గదులు, చౌక భోజనశాలలు. నలుగురు ఒక గదిలో ఉండి, ఒకరి పుస్తకము ఒకరు మార్చుకొనుచు, గ్రూప్-1 అనియు గ్రూప్-2 అనియు ఏండ్ల తరబడి ఎదురుచూచుచుందురు. వారిలో మన సంఘముల బిడ్డలును ఉన్నారు. ఇంటి యొద్ద తండ్రి ఎకరము కుదువబెట్టెను, తల్లి ప్రతి ఆదివారము ప్రార్థనకు చీటీ పంపుచున్నది. డిప్యూటీ కలెక్టరు, డి.ఎస్.పి. అను మాటలు ఆ తల్లికి రాజా బహదూర్ కంటె పెద్ద మాటలు. ఆ ఉద్యోగము రాని బిడ్డ పండుగకు ఇంటికి వచ్చుటకు సిగ్గుపడుచున్నాడని మేమెరుగుదుము. అట్టివాడు గుడికి వచ్చినప్పుడు, ఉద్యోగమేమైనదని గుమ్మములోనే అడుగువారు మనలో ఉన్నారు. నూరేండ్ల క్రిందట పల్లె పిల్లవానికి నగరములో కావలసినది ఒక ముద్ద అన్నము, ఒక చాప. అశోక్‌నగర్‌లో ఇప్పుడు కావలసినది కూడ ఎక్కువగా అదే. నగరములో ఇల్లున్న మన కుటుంబములు ఎన్ని? వారములో ఒక పూట ఒక బిడ్డను భోజనమునకు పిలిచినవారు ఎందరు?

మొన్న మేము పని మీద నారాయణగూడకు పోయినప్పుడు ఆ కళాశాల గేటు యొద్ద ఒక అమ్మాయి బస్సు కొరకు నిలిచియుండెను. మాటలమీద పాలమూరు వైపు పల్లెనుండి వచ్చినదని తెలిసెను. వెంకటరామారెడ్డి పుట్టిన సీమయే. ఏ కళాశాలలో చదువుచున్నావమ్మా అంటిమి. ఆర్.బి.వి.ఆర్.ఆర్. అనెను. మొదటి రెండక్షరములు ఏమిటమ్మా అంటిమి. ఆ పిల్ల కొంచెము ఆలోచించి, నవ్వి, తెలియదండి, మా నాయనమ్మకు తెలిసియుండును, ఇంటికి పోయినప్పుడు అడిగెదను అని చెప్పి, బస్సు రాగా ఎక్కిపోయెను.